8,400 పెన్షన్ తీస్తే చేతికి 6,928 వచ్చింది, ఇదేం లెక్క?

కోనసీమ_లెస్టర్
నాకు 66. మార్చిలో వేర్‌హౌస్ పని మానేశాను. 2004లో బ్రిటన్ వచ్చాక పెట్రోల్ బంకు, బేకరీ, బస్ డిపోలో నైట్ క్లీనింగ్, చివరికి ఈ వేర్‌హౌస్. జీతంలోంచి పెన్షన్‌కి కట్ చేయడం మొదలయ్యాక ఒక్కో చోట కొంచెం కొంచెం పోగైంది. మొత్తం మూడు పెన్షన్ పాట్‌లు, అంటే మూడు చోట్ల విడివిడిగా ఉన్న పెన్షన్ డబ్బు. ఒకదాంట్లో 8,400, ఇంకోదాంట్లో 5,200, వేర్‌హౌస్‌ది 11,300 పౌండ్లు.

బాయిలర్ పోయింది. కొత్తదానికి 2,900 అన్నాడు. సరే కదా అని 8,400ది మొత్తం తీసేశాను. పావు వంతుకి ట్యాక్స్ లేదు, మిగతాదాని మీద 20 శాతం అని అందరూ చెప్పారు. ఆ లెక్కన 1,260 పోయి 7,140 రావాలని కరెంటు బిల్లు వెనకాల రాసుకున్నాను కూడా. మే 21న బ్యాంకులో పడింది 6,928. అంటే 1,472 కోత. ఫోన్ చేస్తే నలభై నిమిషాలు మ్యూజిక్ వినిపించి, "రూల్ ప్రకారమే కట్ చేశాం సార్" అని పెట్టేసింది ఆ అమ్మాయి. ఎవరికైనా ఇలా అయిందా? మిగతా రెండూ ఇక ముట్టుకోవాలంటే భయంగా ఉంది.

ముంతమసాలా
పాట్ అంటే ముంత. ముంతలో చెయ్యి పెడితే తేలు కుట్టింది అన్నమాట.

నర్సమ్మ_లీడ్స్
మా ఆయనకీ ఇలాగే అయింది, కానీ తర్వాత వెనక్కి వచ్చింది. కంగారు పడకండి అన్నయ్యా. అది ఎమర్జెన్సీ ట్యాక్స్ అయ్యుంటుంది, మీ ఏడాది ఆదాయం తెలియక తాత్కాలికంగా కోసేది.

కాంట్రాక్టర్_కిట్టు
ఆ లెటర్ ఒకసారి తీసి చూడండి సార్. ట్యాక్స్ కోడ్ ఏం రాశారో చెప్పండి.

లెక్కలపిచ్చి
లెటర్ చూడకుండానే చెప్తాను. 1257ఎల్ ఎం1.

ఎలాగంటే: 8,400లో పావు తీసేస్తే 6,300 ట్యాక్స్ పడేది. ఎం1 అంటే కంప్యూటర్ దృష్టిలో మీకు ఈ 6,300 ఒక్క నెల ఆదాయం, ప్రతి నెలా ఇలాగే వస్తుందని దాని నమ్మకం. కాబట్టి ట్యాక్స్ లేకుండా వదిలే ఏడాది అలవెన్స్ 12,570లో పన్నెండో వంతు, 1,048 మాత్రమే వదిలేసింది. తర్వాతి 3,142 మీద 20 శాతం, అంటే 628. ఇంకా మిగిలిన 2,109 మీద 40 శాతం, అంటే 844. కలిపితే 1,472. పౌండుతో సహా సరిపోయింది చూడండి.

ఇందులో ఇంకో సంగతి బయటపడింది. మీరు దీన్ని "స్మాల్ పాట్" (చిన్న పాట్‌ని ఒకేసారి ఖాళీ చేసే పద్ధతి) కింద అడగలేదు. అడిగుంటే 20 శాతమే కట్ చేసేవాళ్లు, మీ కరెంటు బిల్లు వెనక లెక్కే కరెక్టయ్యేది. వాళ్లు దీన్ని మామూలు ఫ్లెక్సిబుల్ విత్‌డ్రాయల్ కింద ఇచ్చారు.

ముంతమసాలా
బాబోయ్. మాస్టారూ మీరు జాతకాలు కూడా చెప్తారా?

లెక్కలపిచ్చి
ఇరవై ఆరేళ్లు పేరోల్‌లో పనిచేశాను. జాతకం కన్నా పేస్లిప్ ఎక్కువ చెప్తుంది.

కోనసీమ_లెస్టర్
లెటర్ తీశాను. రెండో పేజీ అడుగున సన్నక్షరాల్లో ఉంది. 1257ఎల్ ఎం1 అనే! దాని పైన "యూఎఫ్‌పీఎల్‌ఎస్" అని ఉంది. ఆన్‌లైన్ ఫారంలో రెండు బటన్లు వచ్చాయి, పైది నొక్కేశాను. కళ్లజోడు పెట్టుకోలేదు, అబద్ధం ఎందుకు.

లెక్కలపిచ్చి
ఆ పై బటనే ఫ్లెక్సిబుల్ విత్‌డ్రాయల్, యూఎఫ్‌పీఎల్‌ఎస్ అంటే అదే. సరే, ఇప్పుడు రెండు విషయాలు చెప్పండి. ఒకటి, స్టేట్ పెన్షన్ (ప్రభుత్వం ఇచ్చేది) ఎంత వస్తోంది? రెండు, వేర్‌హౌస్ ఆఖరి జీతం ట్యాక్స్ ఏడాది ముగిసే ఏప్రిల్ 5కి ముందు పడిందా, తర్వాతా? ఈ రెండోది చాలా ముఖ్యం.

కోనసీమ_లెస్టర్
ఆఖరి జీతం మార్చి 27న పడింది. స్టేట్ పెన్షన్ వారానికి 151.67. నాది 22 ఏళ్ల ఎన్‌ఐ (నేషనల్ ఇన్సూరెన్స్) మాత్రమే, ఫుల్ పెన్షన్ రాలేదు. వేరే ఆదాయం లేదు.

హౌన్స్లో_అత్తయ్య
మనలో చాలామందిది ఇదే కథ. నలభై దాటాక వచ్చినవాళ్లకి ఫుల్ పెన్షన్‌కి కావాల్సిన 35 ఏళ్లు ఎక్కడ నిండుతాయి.

లెక్కలపిచ్చి
అయితే మీది అదృష్టమే అనుకోండి. 151.67 ని 52 తో గుణిస్తే 7,887. అలవెన్స్ 12,570. అంటే ఈ ఏడాది ఇంకా 4,683 దాకా మీకు ట్యాక్సే లేదు. 6,300లోంచి అది తీసేస్తే 1,617 మీద మాత్రమే 20 శాతం, 323 పౌండ్లు. వాళ్లు కోసింది 1,472. మీకు రావాల్సింది దాదాపు 1,149.

ఆ "20 శాతం పోతుంది" అని అందరూ చెప్పిందీ తప్పే, వాళ్లు కోసిందీ తప్పే. ముంత సైజుని బట్టి ట్యాక్స్ ఉండదు. అది ఏ ఏడాది ఆదాయం మీద వచ్చి కూర్చుంటుందో దాన్ని బట్టి ఉంటుంది.

కోనసీమ_లెస్టర్
1,149? నిజంగానా? ఇది ఎవరిని అడగాలి? పెన్షన్ కంపెనీనా?

నర్సమ్మ_లీడ్స్
కంపెనీ ఇవ్వదు, వాళ్లు కట్ చేసింది గవర్నమెంటుకి కట్టేశారు. హెచ్‌ఎంఆర్‌సీకి, అంటే ట్యాక్స్ ఆఫీసుకి, ఫారం పెట్టాలి. మేం పెట్టింది పీ55. ఆన్‌లైన్‌లోనే అయిపోయింది.

లెక్కలపిచ్చి
నర్సమ్మగారూ, మీ ఆయన పాట్‌లో కొంత ఉంచి కొంత తీశారా?

నర్సమ్మ_లీడ్స్
అవును, సగం తీశాం.

లెక్కలపిచ్చి
అందుకే పీ55. లెస్టర్ గారిది మొత్తం ఖాళీ అయింది, పైగా స్టేట్ పెన్షన్ అనే ఆదాయం ఉంది, కాబట్టి పీ53జెడ్. ఖాళీ చేసి వేరే ఏ ఆదాయమూ లేనివాళ్లకి పీ50జెడ్. స్మాల్ పాట్ కిందే తీసుకుని ఎక్కువ కట్ అయితే జెడ్ లేని పీ53. తప్పు ఫారం పెడితే తిరిగొస్తుంది, మళ్లీ క్యూ. పెన్షన్ కంపెనీ పీ45 (ఎంత ఇచ్చారో, ఎంత ట్యాక్స్ కోశారో చూపే కాగితం) పంపించి ఉంటుంది, అది దగ్గర పెట్టుకుని నింపండి.

ఫారం పెట్టకపోయినా ఏడాది చివర్లో లెక్క చూసి ఇస్తారు. కానీ బాయిలర్ అప్పటిదాకా ఆగదు కదా.

ముంతమసాలా
పీ53, పీ53జెడ్, పీ50జెడ్, పీ55. ఇవన్నీ కలిపి మా ఊరి బస్సు నంబర్లలా ఉన్నాయి. ఎక్కాక తెలుస్తుంది వేరే ఊరు పోతోందని.

ఎడిన్‌బరో_చందు
మా నాన్నగారు గత ఏడాది 20,000 ఒకేసారి తీశారు. 5,100 పైన కోసేశారు! లెటర్ చూసి ఆయన బీపీ మాత్ర వేసుకున్నారు. అదీ ఈ నెల లెక్కేనా?

లెక్కలపిచ్చి
అదే. 15,000 ఒక నెల జీతమంటే కంప్యూటర్‌కి ఆయన కోటీశ్వరుడిలా కనిపిస్తారు. 45 శాతం దాకా ఎక్కేస్తుంది. వెనక్కి వచ్చిందా?

ఎడిన్‌బరో_చందు
వచ్చింది. కానీ ఆ ఆరు వారాలు ఇంట్లో అందరం ఆయన మొహం చూడలేకపోయాం.

హౌన్స్లో_అత్తయ్య
అందరూ వెనక్కి వచ్చిందంటున్నారు, నాది ఎదురు కథ. వినండి. నా జీతం 46,000. ఇంకో రెండు నెలల్లో రిటైర్ అవుతాననగా, పోయిన ఏడాది ఫిబ్రవరిలో 9,600 ఉన్న స్మాల్ పాట్ తీశాను. సరిగ్గా స్మాల్ పాట్ కిందే, కళ్లజోడు పెట్టుకుని మరీ. 1,440 కట్ చేసి 8,160 ఇచ్చారు. హమ్మయ్య అనుకున్నా. మొత్తం మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి పోయింది. మరుసటి ట్యాక్స్ ఏడాదిలో లెటర్ వచ్చింది, ఇంకో 586 కట్టమని.

జీతం 46,000, దాని మీద 7,200 కలిసి 53,200 అయింది. 50,270 దాటిన 2,930 మీద 40 శాతమట. 20 శాతం ముందే కోశారు కాబట్టి మిగతా 20 శాతం, అదే 586. రెండు నెలలు ఆగి ఏప్రిల్ 6 తర్వాత తీసుంటే ఆ 586 కట్టక్కర్లేదు, ఇంకా తక్కువ కూడా అయ్యేది. "అత్తయ్యా కొంచెం ఆగు" అని చెప్పేవాడు ఒక్కడూ లేకపోయాడు.

కాంట్రాక్టర్_కిట్టు
అత్తయ్యగారిది 586, నాది అంతకన్నా ఘోరం. పనిలో ఉన్నవాళ్లు ఇది చదవండి.

నాకు 57. సొంత లిమిటెడ్ కంపెనీ, ఏడాదికి 30,000 పెన్షన్‌లోకి వేసుకునేవాడిని. పాత ఉద్యోగం తాలూకు 6,000 ఒకటి పడుంటే, కారు డిపాజిట్‌కని ఫ్లెక్సిబుల్‌గా తీశాను. లెస్టర్ సార్ నొక్కిన బటనే. అప్పట్నుంచి పెన్షన్‌లోకి ఏడాదికి 10,000 కన్నా ఎక్కువ వేసుకోలేను. 60,000 ఉండే పరిమితి 10,000 అయిపోయింది, ఇక జీవితాంతం అంతే. ఆ 6,000నే స్మాల్ పాట్ కింద అడిగి ఉంటే ఈ శిక్ష లేదు. ఒక లెటర్ వస్తుంది, దాన్ని 91 రోజుల్లో మిగతా స్కీములకి కూడా చెప్పుకోవాలి, మన తప్పుని మనమే టముకు వేసుకున్నట్టు.

కోనసీమ_లెస్టర్
కిట్టూ బాబూ, అయితే నాకూ ఆ శిక్ష పడ్డట్టేనా?

కాంట్రాక్టర్_కిట్టు
పడింది సార్, కానీ మీరు రిటైరయ్యారు కదా. ఇక పెన్షన్‌లోకి ఎక్కడ కడతారు? మీకు తగలదు.

ముంతమసాలా
పళ్లు ఊడిపోయినవాడికి చెరకు తినొద్దని శిక్ష వేసినట్టు.

కోనసీమ_లెస్టర్
😀 ముంతా, నాకు ఇంకా ఇరవై నాలుగు పళ్లున్నాయి.

సరే మిగతా రెండింటి సంగతి చెప్పండి. 5,200, 11,300. స్మాల్ పాట్ అంటే ఎంత దాకా?

లెక్కలపిచ్చి
ఒక్కోటి 10,000 లోపు ఉండాలి, మొత్తం ఖాళీ చేయాలి. 55 నిండాలి (2028 ఏప్రిల్ 6 నుంచి 57). పర్సనల్ పెన్షన్లయితే జీవితంలో మూడుసార్లే. కంపెనీ స్కీములయితే ఆ మూడు లెక్క లేదు.

మీ 5,200 ఈ ఏడాది ముట్టుకోకండి. ఈ ఏడాది మీ అలవెన్స్ అయిపోయింది, ఇప్పుడు తీస్తే 3,900 మీద 20 శాతం, 780 పోతుంది. వచ్చే ఏప్రిల్ 6 దాటాక తీస్తే కొత్త అలవెన్స్, సున్నా. ముందుగా 780 కట్ చేస్తారు, పీ53తో వెనక్కి తెచ్చుకోండి.

11,300 స్మాల్ పాట్ కాదు. దాన్ని తర్వాతి ఏళ్లలో రెండు మూడు విడతలుగా లాగండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మీకు మిగిలే ఆ 4,683 ఏటేటా తగ్గుతుంది. స్టేట్ పెన్షన్ పెరుగుతుంది, అలవెన్స్ మాత్రం 12,570 దగ్గరే 2031 దాకా గడ్డకట్టుకుని ఉంది. ఫుల్ స్టేట్ పెన్షన్ వారానికి 241.30 వచ్చేవాళ్లని చూడండి, ఏడాదికి 12,547 అయింది. వాళ్లకి మిగిలింది 22 పౌండ్లు. వాళ్లు ఏ ముంత తీసినా, ట్యాక్స్ లేని పావు వంతు పోను, దాదాపు మొదటి పౌండు నుంచీ ట్యాక్సే.

హౌన్స్లో_అత్తయ్య
అంటే 35 ఏళ్లు కష్టపడినవాడికన్నా 22 ఏళ్లు పనిచేసిన అన్నయ్యకి లాభమా?

లెక్కలపిచ్చి
లాభం కాదమ్మా. వారానికి 90 పౌండ్లు తక్కువొస్తే, ట్యాక్స్‌లో కొంచెం మిగులుతుంది. ఎవరూ ఈ బేరం కోరుకోరు.

స్లౌ_సీనియర్
ఇంత తతంగం ఎందుకు? అసలు తీయకుండా వదిలేస్తే పెరుగుతుంది, పోయాక పిల్లలకి పోతుంది. మన పెద్దవాళ్లు చేసింది అదే కదా.

కాంట్రాక్టర్_కిట్టు
2027 ఏప్రిల్ నుంచి వాడని పెన్షన్ కూడా ఎస్టేట్‌లో (పోయాక మిగిలే ఆస్తిలో) కలిపి ఇన్‌హెరిటెన్స్ ట్యాక్స్‌కి లెక్కేస్తారు సార్. పాత ముచ్చట పోయింది.

నర్సమ్మ_లీడ్స్
కిట్టూ, 5,200 ఉన్నాయనకి ఇన్‌హెరిటెన్స్ ట్యాక్స్ భయం పెడతావేంటి. 3,25,000 దాటితే కదా ఆ గొడవ. భార్యకి పోతే అసలే లేదు.

కాంట్రాక్టర్_కిట్టు
ఒప్పుకున్నా. నా సొంత బాధలో అందరినీ కలిపేశాను.

స్లౌ_సీనియర్
అయినా వదిలేయమనే అంటాను. చేతికొచ్చిన డబ్బు ఉండదు. నా చేతికొచ్చింది ఎక్కడికి పోయిందో నాకే తెలియదు.

నర్సమ్మ_లీడ్స్
ఇందులో స్లౌ అన్నయ్యతో నేను సగం ఏకీభవిస్తాను. నాకు కొన్నాళ్లు ఎన్‌హెచ్‌ఎస్‌లో (ప్రభుత్వ ఆరోగ్య సేవలో) చేసిన పెన్షన్ ఒకటి ఉంది, ఏడాదికి 900. చిన్నది కాబట్టి ఒకేసారి లంప్‌సమ్‌గా తీసుకోమని మా ఆయన పోరు. ఇలాంటి పెన్షన్లకి వేరే రూల్. అన్ని పెన్షన్లూ కలిపి విలువ 30,000 లోపు ఉండాలి, నా 900ని 20తో గుణించి 18,000గా లెక్కేస్తారు, స్కీమ్ వాళ్లు కూడా ఒప్పుకోవాలి. కలిపితే నాది 25,000. వీలవుతుంది.

కానీ నేను తీయలేదు. ఆ 900 ధరలతో పాటు పెరుగుతుంది, నేను ఉన్నన్నాళ్లూ వస్తుంది. మా అమ్మ 91 ఏళ్లకి కూడా ఆవకాయ తనే కలుపుతుంది. నేనూ ఆవిడ కూతుర్నే. కుండలో ఉన్న డబ్బు వేరు, నెలనెలా వచ్చే డబ్బు వేరు. మొదటిది తీస్తే తీయండి, రెండోది అమ్ముకోకండి.

ముంతమసాలా
"కూతుర్నే" అనగానే ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్ ఆఫీసులో ఎవరో తలపట్టుకున్నారు.

తిరిగొచ్చినోడు_గుంటూరు
ఇండియా వెళ్లిపోదామనుకునేవాళ్లకి ఒక మాట. నేను 2014లో వచ్చేశాను. స్టేట్ పెన్షన్ అప్పుడు వారానికి 74 పౌండ్లు. ఇవాళా 74. ఇండియాలో ఉంటే ఏటా పెంచరు. అక్కడ ఉన్న నా తోటివాడికి పెరుగుతూ పోతోంది. కానీ ఇక్కడ మామిడిపళ్లున్నాయి లెండి.

ప్రైవేటు పెన్షన్ అయితే రెండు దేశాల ఒప్పందం ప్రకారం మనం ఎక్కడ ఉంటే అక్కడ ట్యాక్స్. నెలనెలా వచ్చేదానికి అలా చేయించుకున్నాను. ఒకేసారి మొత్తం తీసేముందు మాత్రం రెండువైపులా తెలిసిన ఆడిటర్‌కి ఫీజు ఇచ్చి అడగండి. ఆ ఫీజు దండగ కాదు.

లోటన్_లక్ష్మి
నాకు 51. మొన్న ఉగాది ఫంక్షన్‌లో ఒకాయన కార్డు ఇచ్చాడు, 55 నిండకుండానే పెన్షన్ తీసిస్తాం, కమిషన్ 15 శాతం అని. అప్పులున్నాయి, ఆలోచిస్తున్నా.

లెక్కలపిచ్చి
లక్ష్మిగారూ ఆ కార్డు చించేయండి. 55కి ముందు అలా తీస్తే (తీవ్రమైన జబ్బులాంటివి తప్ప) 55 శాతం దాకా ట్యాక్స్ మీమీద పడుతుంది, వాడి కమిషన్ కాకుండా. 10,000కి మీకు మిగిలేది మూడు వేలు. ట్యాక్స్ నోటీసు వచ్చేసరికి వాడి ఫోన్ పనిచేయదు.

అప్పులకి వేరే దారులున్నాయి, విడిగా అడగండి. 50 దాటాయి కాబట్టి పెన్షన్ వైజ్ (ప్రభుత్వ పెన్షన్ సమాచార సేవ) వాళ్లతో ఫ్రీగా మాట్లాడొచ్చు.

లోటన్_లక్ష్మి
చించేశాను. ఆయన మా కులపాయన, అందుకే నమ్మాను.

ముంతమసాలా
అందుకే నమ్ముతారనే ఉగాదికి వచ్చాడు.

హౌన్స్లో_అత్తయ్య
లెస్టర్ అన్నయ్యా, మీ ఆవిడ పని చేస్తుంటే మ్యారేజ్ అలవెన్స్ పెట్టండి. మీ అలవెన్స్‌లో 1,260 ఆవిడకి ఇస్తే ఆవిడకి 252 తగ్గుతుంది.

లెక్కలపిచ్చి
ఈ ఏడాది కాదు. ఆయన అలవెన్స్ మొత్తం ఆ 8,400కే ఖర్చయింది. ఇప్పుడు 1,260 ఇస్తే ఆవిడకి 252 తగ్గుతుంది, ఈయనకి 252 పెరుగుతుంది. ఎడమ జేబులోంచి కుడి జేబులోకి. ఏమీ తీయని ఏడాదిలో అయితే మంచి ఐడియా.

నర్సమ్మ_లీడ్స్
స్టేట్ పెన్షన్ తక్కువ కాబట్టి పెన్షన్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్లకి ప్రభుత్వ సాయం) వస్తుందేమో కూడా చూసుకోండి. కానీ జాగ్రత్త, బ్యాంకులో సేవింగ్స్ 10,000 దాటితే, పైన ప్రతి 500కి వారానికి 1 పౌండు ఆదాయం ఉన్నట్టు లెక్కేస్తారు. ముంత తీసి బ్యాంకులో ఊరికే పడేస్తే అక్కడ దెబ్బ.

ముంతమసాలా
మీ అందరి గోల విని నేనూ పెన్షన్ ట్రేసింగ్ సర్వీస్‌లో వెతికాను, ఫ్రీనే. 2016లో మూడు నెలలు చేసిన పిజ్జా ఉద్యోగం తాలూకు ముంత దొరికింది. 63 పౌండ్లు. మాస్టారూ, దీన్ని ఎన్ని విడతల్లో తీయాలి?

లెక్కలపిచ్చి
మీ ఆర్థిక సలహాదారుని సంప్రదించండి.

కోనసీమ_లెస్టర్
జులై 9 అప్‌డేట్. పీ53జెడ్ మా అమ్మాయి పక్కన కూర్చుని నింపింది. "ఈ ఏడాది మీకు వచ్చే ఆదాయం అంచనా" అనే గడిలో నేను వారం పెన్షన్ 151 వేయబోయాను, అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపి 7,887 వేయించింది. నిన్న 1,148 పౌండ్ల చిల్లర బ్యాంకులో పడింది. మాస్టారి అంకెకి ఒక్క పౌండు తేడా.

5,200ది వచ్చే ఏప్రిల్ దాకా ముట్టుకోను. క్యాలెండర్‌లో ఏప్రిల్ 6 చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టాను, పక్కన "కింది బటన్" అని రాశాను.

హౌన్స్లో_అత్తయ్య
బాయిలర్ పెట్టారా?

కోనసీమ_లెస్టర్
పెట్టారమ్మా. ఇప్పుడు బయట 31 డిగ్రీలు.